పదకొండో మెట్టు

కిందటివారం హేమమాలినిని నయీ బస్తీలో, నేలలో కట్టిన మంచినీళ్ల ట్యాంకు పక్కన, చూపుడువేలు నాలుకకి తాకించుకుని నిలబడి ఉండగా వదిలేసి వచ్చాం. రెండు రోజులు గడిచాయి గాని ఆ రుచి ఇంకా ఆమె నోట్లోంచి పోలేదు. అది కొత్త ట్యాంకు. అందులోకి అప్పటిదాకా ఎవరూ ఒక్క బిందెడు నీళ్లు వదల్లేదు. అయినా అడుగున రెండంగుళాల నీళ్లు నిలిచి ఉన్నాయి. ఆ నీళ్లు ఉప్పగా ఉన్నాయి.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం ఓ నాలుగు ముక్కలు చెప్పుకుందాం. సునామీ వచ్చి నాలుగేళ్లు కావస్తోంది. హట్‌బే నుంచీ, ఇంకా కింది దీవుల నుంచీ ఓడల్లో వచ్చిపడ్డ నూట అరవై కుటుంబాలు పోర్ట్‌బ్లెయిర్ శివార్లలో రేకుల షెడ్ల కింద నాలుగో వానాకాలం గడుపుతున్నాయి. వాళ్ల కోసం ఖాడీ అనే సముద్రపు పాయ ఒడ్డున పక్కా ఇళ్లు లేచాయి. అదే నయీ బస్తీ, కొత్త పేట. ఆ ఇళ్లకి నీళ్ల గొట్టాలూ, మురుగు కాలువలూ, రోడ్లూ ఎక్కడెక్కడ ఉండాలో గీసింది మన హేమమాలిని. పోర్ట్‌బ్లెయిర్‌లోనే డిగ్నాబాద్ పేట పిల్ల, పనుల ఆఫీసులో జూనియర్ ఇంజినీరు, ముప్పై అయిదేళ్లు, ఇద్దరు పిల్లల తల్లి. బుధవారం తాళాల పంపిణీ. ఇవాళ సోమవారం, భాద్రపద పౌర్ణమి.

ఆ ప్లాను గీసినందుకు హేమమాలిని చాలా గర్వపడింది. పడనిద్దాం, తప్పేముంది? నూట అరవై ఇళ్లకి నూట అరవై ఇళ్ల గొట్టం చాలు కదా మేడమ్ అని పైఅధికారి గిరిధర్ నవ్వితే, చాలదని ఎదురు చెప్పింది. ఊళ్లో పాత బస్తీలు చూడండి సార్, ముందు ఇళ్లొచ్చాయి, తర్వాత జనం వచ్చారు, నీళ్లు మాత్రం అందరికంటే వెనక వచ్చాయి అంది. ఇక్కడైనా గొట్టం ముందు పడాలి అంది. నయీ బస్తీ వెనక గుట్ట మీద అప్పటికే ప్లాట్లు తెగుతున్నాయి. అండమాన్ ఉత్తరపు కొసన ఉన్న డిగ్లీపూర్ నుంచి కూడా బస్సెక్కి వచ్చి కొనుక్కుపోతున్నారు. ఇరవై ఏళ్లలో అక్కడ రెండు వేల కుటుంబాలు చేరతాయని లెక్క వేసి, అంతమందికీ సరిపడే ట్యాంకు, అంత వెడల్పు కాలువలు అడిగి, ఆరు నెలలు ఫైలు వెంట తిరిగి సాధించుకుంది. ఊరి నీళ్లు వాలుకి వచ్చి పల్లంలో ఉన్న ఆ ట్యాంకులో చేరాలి. అక్కణ్ణుంచి పంపు వాటిని గుట్ట మీదికి తోడాలి. గుట్ట మీద నుంచి అన్ని కుళాయిలకీ దిగాలి. అంటే ఆ ఒక్క ట్యాంకు చెడితే, ఇప్పుడున్న నూట అరవై ఇళ్లే కాదు, రేపు రాబోయే ఊరంతా చెడినట్టే.

ఆ ట్యాంకుకి ఒక పొంగు గొట్టం ఉంది. ట్యాంకు నిండితే మిగులు నీళ్లు కాలువలోకి పోవాలి కదా, దాని కోసం. దాన్ని కాలువకి కలిపి వారం కూడా కాలేదు. ఆ కాలువే ఇళ్ల మురుగు మోసుకుని ఖాడీలో కలుస్తుంది. ఎంత పెద్ద పోటు వచ్చినా సముద్రం ఆ గొట్టానికి రెండడుగుల కిందే ఆగిపోతుందని కాగితం మీద ఉంది. ఆదివారమంతా హేమమాలిని భోజనాల బల్ల మీద ఆ కాగితాలు పరుచుకుని కూర్చుంది. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి. పోనీ సిమెంటు తడపడానికి కాంట్రాక్టరు ఖాడీ నీళ్లు వాడాడేమో అనుకుని ఫోన్ చేసి అడిగితే, అతగాడు పిల్లల మీద ఒట్టేశాడు. ఇంక మిగిలింది ఒక్కటే. నేల ఎత్తుపల్లాలు కొలిచి ఆ అంకెలు రాసిచ్చిన మనిషి కొలవకుండానే రాసుండాలి.

ఆ మనిషి పేరు గణేశ్వరరావు. ఆమె తండ్రి స్నేహితుడు, చిన్నాన్న అని పిలుస్తుంది. ఇదే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు సర్వేయరుగా చేసి రిటైరయ్యాడు. పన్నెండేళ్ల వయసులో కొలత కర్ర నిలువుగా పట్టుకోవడం ఆమెకి నేర్పింది ఆయనే. అందుకే ఆయన అంకెల్ని ఆమె మళ్లీ సరిచూడలేదు. చూడాలన్న ఆలోచన కూడా రాలేదు.

సోమవారం పొద్దున్న ఆఫీసుకి వెళ్లకుండా ఆయన ఉండే బతు బస్తీకి స్కూటీ తిప్పింది. గణేశ్వరరావు భార్య సరోజిని గుమ్మంలోనే నిలబడి, "మీ చిన్నాన్న ఇంట్లో ఉంటారేటమ్మా ఈవేళ? పున్నమి కదా. కంకర జెట్టీకి పోయుంటారు. నెలకి రెండుసార్లు, పున్నమికీ అమాసకీ, టిఫిన్ కూడా తినకుండా పోతారు. ఏం చేస్తారో నాకూ చెప్పరు" అంది. హేమమాలిని మంచినీళ్లు కూడా తాగకుండా బయల్దేరింది.

కంకర జెట్టీ ఇప్పుడెవరికీ అక్కర్లేనిది. ఒకప్పుడు పడవల్లో కంకర తెచ్చి దించేవారు. రాతి మెట్లు ఖాడీలోకి దిగుతాయి. పైన గట్టు గోడలో బాణం గుర్తు చెక్కిన రాయి ఒకటి ఉంది, దాని మీద తెల్ల పెయింటుతో ఒక అంకె. ఖాడీకి ఆవలి ఒడ్డున నయీ బస్తీ కొత్త సున్నం గోడలు ఎండకి మెరుస్తున్నాయి. నీళ్లమీద గాలి లేదు. పోటు మొదలై ఎంతసేపైందో గాని, ఖాడీ నిండుగా, చప్పుడు లేకుండా పైకి వస్తోంది.

గణేశ్వరరావు నాలుగో మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఖాకీ సంచీ, ఒళ్లో ఒక నోటుబుక్కు. చెప్పులు విప్పి బాగా పైన, గట్టు మీద పెట్టుకున్నాడు.

"రా అమ్మీ. చూసి దిగు, మెట్లు జారతాయి."

హేమమాలిని పై మెట్టు మీదే నిలబడిపోయింది. దారిపొడుగునా మర్యాదగా మొదలుపెట్టాలనుకుంది గాని మాట అలా రాలేదు.

"చిన్నాన్నా, ఒక్కటే అడుగుతాను. సచ్ చెప్పండి. నయీ బస్తీ లెవెల్స్ మీరు నిజంగా తీశారా, ఇంట్లో కూచుని రాసీసారా?"

ముసలాయన మొహం ఎర్రబడుతుందనుకుంది. పడలేదు. నోటుబుక్కు మూసి పక్కన పెట్టాడు.

"ఇరవై మూడు రోజులు తిరిగాను. మోకాలి దాకా బురదలో. కర్ర పట్టినోళ్లు ఇద్దరూ ఇంకా ఆఫీసులోనే ఉన్నారు, పోయి అడుగు. ఒక్క అంకె కూడా కూచుని రాయలేదు."

"అయితే లెక్క తప్పారు."

"లెక్కా తప్పలేదు."

"మరి నా ట్యాంకులోకి సముద్రం ఎలా వచ్చింది?"

ఈ మాటకి అదిరిపడతాడనుకుంది. ఆయన తల మాత్రం నెమ్మదిగా ఆడించాడు.

"ఏ రోజు వచ్చింది?"

"శనివారం చూశాను."

"శనివారానికే వచ్చీసిందా. నేను ఈవేళ వస్తాదనుకున్నాను."

కోపంతో వచ్చిన మనిషికి మొట్టమొదటిసారి భయం వేసింది. గబగబా మూడు మెట్లు దిగి ఆయన పక్కన నిలబడింది.

"అంటే మీకు ముందే తెలుసా?"

"ముందు కూచో. కూచుని ఒకటి చెప్పు. నీళ్లిప్పుడు ఎన్నో మెట్టు మీదున్నాయి? పైనుంచి లెక్కెట్టు."

చిన్నప్పుడు పాఠం అడిగినట్టే అడిగాడు. చిన్నప్పటిలాగే ఆమె లెక్కపెట్టింది కూడా.

"ఎనిమిది."

"పోటు పదింటి దాకా ఎక్కుతాది. ఇంకా అరగంటపైనే ఉంది. నీ చిన్నప్పుడు మీ నాన్నా నేనూ ఇక్కడే గేలాలు వేసేవోళ్లం. నువ్వు ఈ మెట్ల మీదే గంతులేసేదానివి. పున్నమి పోటుకి నీళ్లెక్కడ ఆగేవి? యాద్ ఉందా?"

ఎందుకుండదు? పైనుంచి పదకొండో మెట్టు. దాని మీద పచ్చగా నాచు పట్టి ఉండేది. ఎంత పెద్ద పోటైనా దాని పైకి వచ్చేది కాదు. అందుకే పిల్లలందరూ పదో మెట్టు మీద చెప్పులు విడిచి నీళ్లలోకి దిగేవాళ్లు. సాయంత్రం దాకా ఆడి వచ్చి చూసినా చెప్పులు పొడిగా ఉండేవి. హేమమాలిని కిందికి చూసింది. పదకొండో మెట్టూ లేదు, పదో మెట్టూ లేదు. రెండూ నీళ్లకింద ఉన్నాయి. పోటింకా ఎక్కుతూనే ఉంది.

"భూకంపానికి నేల కుంగిందని అందరికీ తెలిసిందే కదా చిన్నాన్నా" అంది. "పొలాల్లోకి ఉప్పునీళ్లొచ్చాయి. పేపర్లో కూడా రాశారు."

"అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఇప్పుడు అటు చూడు."

గట్టు గోడలోని రాయి వైపు చెయ్యి చూపించాడు. ఆ రాయి సంగతి హేమమాలినికి కొత్తగా చెప్పాలా? ఈ దిక్కున ఎక్కడ ఏ కొలత తీసినా ఆ రాయి దగ్గరే మొదలుపెట్టాలి. సముద్రానికి ఆ రాయి ఎంత ఎత్తులో ఉందో దాని మీద రాసుంటుంది. ఆ అంకె పట్టుకుని, అక్కణ్ణుంచి అడుగడుగూ కొలుచుకుంటూ పోతే ఏ గుట్ట ఎంత ఎత్తో, ఏ పల్లం ఎంత లోతో తేలుతుంది. సర్వేయర్లందరికీ ఆ రాయి అంటే గురి. ఏడాదికోసారి దాని మీద అంకె వెలిసిపోకుండా పెయింటు వేయించింది కూడా గణేశ్వరరావే.

ఆ రాయి నేలలోనే ఉంది. నేల దిగింది.

ఆయన చెప్పకముందే హేమమాలినికి అర్థమైపోయింది. అర్థమైన క్షణంలో మెట్టు మీద కూలబడింది. రాయి కూడా నేలతోపాటే దిగిపోయింది. దాని మీద అంకె మాత్రం భూకంపానికి ముందుదే. ఇరవై మూడు రోజులు బురదలో పడి చిన్నాన్న కొలిచిన ప్రతి కొలతా సరైనదే, ప్రతి కొలతా తప్పే.

"మీరే, చిన్నాన్నా? మీరెలా ఆ అంకెతో మొదలుపెట్టారు?"

"అలవాటు అమ్మీ." గణేశ్వరరావు మొదటిసారి తల దించుకున్నాడు. "నేల దిగిందని తెలుసు. కానీ రాయి మీద నంబరు మార్చాలంటే పైనుంచి కాగితం రావాలి. కాగితం రాలేదు. నా అంతట నేను మార్చకూడదు. నా సర్వీసంతా ఆ నంబరుతోనే పని మొదలెట్టాను. ఆ పొద్దు కూడా రాయి కాడ నిలబడి, బుక్కు తెరిచి, ఆ నంబరే ఎక్కించీసాను. చెయ్యి దానంతటదే రాసీసింది. పైగా ఆఫీసులో ఒకటే తొందర. జల్దీ కరో, జల్దీ కరో, షెడ్లలో జనం ఉన్నారు అని."

ఖాడీ ఎనిమిదో మెట్టు దాటి ఏడో మెట్టు అంచు తడుపుతోంది. హేమమాలిని బుర్ర దానంతట అది లెక్కలు కడుతోంది. వద్దన్నా ఆగలేదు.

"ఇప్పుడు పున్నమికి ఎక్కడిదాకా వస్తోంది?"

"అయిదో మెట్టు. రెండున్నరేళ్లుగా రాస్తున్నాను, చూసుకో." నోటుబుక్కు ఆమె ఒళ్లో పెట్టాడు. తారీకులు, వాటి ఎదురుగా మెట్లు. అయిదు, అయిదు, ఆరు, అయిదు. పేజీల కొద్దీ అవే.

పదకొండులోంచి అయిదు తీస్తే ఆరు మెట్లు. ఒక్కోటీ అరడుగు పైమాట. మూడడుగుల పైచిలుకు. కాగితం మీద సముద్రానికి రెండడుగులు పైన ఉన్న పొంగు గొట్టం, నిజానికి ఇంకాసేపట్లో అడుగు లోతు నీళ్లలో ఉండబోతోంది. ఆ గొట్టంలోంచి సముద్రం ఒక్కటే రాదు. కాలువలో ఏముంటే అది వస్తుంది. నూట అరవై ఇళ్ల పాయిఖానాలూ ఆ కాలువలోకే తెరుచుకుంటాయి. ఇరవై ఏళ్లకి రెండు వేల ఇళ్లవి. జనం పెరిగినకొద్దీ మురుగు పెరుగుతుంది, ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకీ అదంతా వెనక్కి తన్ని వాళ్లు తాగే నీళ్లలోనే కలుస్తుంది. ఆ కాలువలు అంత వెడల్పు ఉండాలని పట్టుబట్టి తవ్వించింది తనే. ఇరవై ఏళ్ల అవతలికి చూసిన మనిషి, కాళ్ల కింద నేల ఎంత దిగిందో చూసుకోలేదు.

"మీకెప్పుడు తెలిసింది?"

"రిటైరైన నెలకి. పనీ పాటా లేక గేలం పట్టుకుని వచ్చాను. అదీ పున్నమే. ఎప్పట్లాగే చెప్పులు పదో మెట్టు మీద పెట్టి కూచున్నాను. కాసేపటికి చూస్తే చెప్పులు ఖాడీలో కొట్టుకుపోతన్నాయి." నవ్వబోయి ఆగిపోయాడు. "అప్పుడు తగిలింది అమ్మీ. వొట్టి కాళ్లతో ఇంటికి నడిచాను."

హేమమాలిని లేచి నిలబడింది. అప్పటిదాకా అణిగి ఉన్న కోపం రెట్టింపై లేచింది.

"రెండున్నరేళ్లా! అప్పటికింకా పునాది కూడా పడలేదు చిన్నాన్నా! ట్యాంకు గుట్ట మీదికి మార్చుంటే సరిపోయేది. గొట్టాలు మార్చుంటే సరిపోయేది. మీ పేరు చెడుతుందని ఊరుకున్నారా? నెలకి రెండుసార్లు ఇక్కడికొచ్చి మెట్లు లెక్కపెట్టుకుంటూ కూచున్నారా? ఆ షెడ్లలో వాళ్లు ఏ నీళ్లు తాగబోతున్నారో తెలిసి కూడా?"

ఆమె ఒళ్లోంచి జారిన నోటుబుక్కు తీసి ఆయన సంచీలో పెట్టుకున్నాడు.

"బుధవారం తాళాలు. గవరమ్మ తెలుసు కదా మీకు, హట్‌బే గవరమ్మ? ఆమెది ఒకటో నంబరు ఇల్లు, ట్యాంకు పక్కనే. మొగుడు సూరయ్య పడవతో సహా పోయాడు. రెండేళ్లుగా నేను ఎప్పుడు షెడ్లకి వెళ్లినా కుళాయి ఎప్పుడిస్తావని ఒకటే అడుగుతుంది. మొన్న ఏమడిగిందో తెలుసా? నేను మొగుడు లేనిదాన్ని, నా ఇంట్లో నా చేత్తో పాలు పొంగించుకోవచ్చా, పక్కవాళ్లు వద్దంటున్నారు అంది. నీ ఇల్లు, నీ చెయ్యి, నువ్వే పొంగించు అత్తా అని చెప్పాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లి వద్దని చెప్పను? ఒక్క కాగితం రాయలేకపోయారా చిన్నాన్నా? ఒకే ఒక్క కాగితం?"

"రాశాను" అన్నాడు గణేశ్వరరావు.

"ఎవరికి?"

"ఆఫీసుకే. ఇంక చాలు అమ్మీ, ఇంటికి పో. బుధవారం ఆపించే దారి చూడు. తప్పంతా గణేశ్వరరావుదని చెప్పీ. రాయి నంబరుతో మొదలెట్టింది నేనే, అది నిజమే కదా. రిటైరైపోయిన ముసలోణ్ణి, నన్నెవరేం చేస్తారు?"

"రాస్తే కాపీ ఉండాలి. చూపించండి."

"వొద్దు."

"రాయలేదు కాబట్టే వద్దంటున్నారు."

ఆ మాట ఆయనకి తగిలింది. ఆ వయసులో అబద్ధాలకోరు అనిపించుకోవడం ఏ మనిషికైనా కష్టమే, అదీ చేత్తో ఎత్తుకు తిప్పిన పిల్ల నోట. ఖాకీ సంచీలో చెయ్యి పెట్టి ప్లాస్టిక్ కవరొకటి తీశాడు. అందులోంచి మడత మీద చిరుగుతున్న కాగితం తీసి, విప్పకుండానే ఆమె చేతిలో పెట్టాడు.

గుండ్రటి అక్షరాలతో రాసిన ఇంగ్లీషు ఉత్తరం. తారీకు రెండువేల ఆరు మార్చి. రాయి తన చోటు నుంచి మూడడుగులకు పైగా దిగిందని, దాన్నుంచి తాను తీసిన కొలతలన్నీ మళ్లీ తీయాలని, అది అయ్యేదాకా నయీ బస్తీలో ఒక్క ఇటుక కూడా పెట్టొద్దని ఉంది. దాచింది ఏమీ లేదు. తప్పు నాదేనని కూడా రాశాడు. హేమమాలిని చివరిదాకా చదివింది. ఇంత స్పష్టంగా రాసిన ఉత్తరాన్ని పక్కన పడేసిన వాడెవడో, వాణ్ణి నలుగురిలో నిలబెట్టి అడగాలనుకుంది.

ఉత్తరం ఇచ్చినప్పుడు రెండో ప్రతి మీద అందినట్టు సంతకం చేసి తిప్పి ఇవ్వడం ఆఫీసు పద్ధతి. సంతకం అడుగున, ఎడమవైపు మూల ఉంటుంది. ఆమె చూపు అక్కడికి దిగింది.

'చూశాను. ఫైలు చేయండి.' కింద నీలం సిరాతో రెండు పొడి అక్షరాలు. రెండో అక్షరం తోక కొంచెం పైకి తిరిగి ఉంది.

ఆ తోక అలా తిప్పేది తనొక్కతే.

అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు వారాలు. పొద్దున్నే బల్ల మీద బారెడు ఉత్తరాలు పెట్టి, సైన్ కర్ దో మేడమ్, సబ్ ఐసే హీ హై, అన్నీ మామూలువే అనేవాడు గుమాస్తా. రిటైరైనవాళ్ల దగ్గర్నుంచి ఏది వచ్చినా పెన్షన్ అర్జీయే, ఫైలు చేయండి అని రాసి పంపెయ్యాలి, లేకపోతే ఆ వ్యవహారం ఎప్పటికీ తెమలదు అని సీనియర్లు నేర్పారు. ఆ రోజూ అలాగే రాసింది. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. అడుగున గణేశ్వరరావు అన్న పేరు చూడటం ఆమెకి బాగా గుర్తుంది. అయ్యో, చిన్నాన్నకి పెన్షన్ ఇంకా రాలేదేమో, కనుక్కోవాలి అనుకుంది. అనుకుని ఇంకో ఉత్తరం తీసుకుంది.

"ఒక్క లైను చదివుంటే..." అంది.

"చిన్నపిల్లవి. కొత్త ఉద్యోగం. అందరూ చేసేదే చేశావు" అన్నాడు ముసలాయన. "జవాబు రాలేదు. కనుక్కుందామని వెళ్లి ఈ సంతకం ఎవరిదని అడిగాను. చెప్పారు. రెండో కాగితం రాస్తే మొదటిది బయటికి తీస్తారు. తీస్తే నీ పేరొస్తాది. మీ నాన్న పోయిన ఏడాదే వచ్చింది నీకా ఉద్యోగం. నాకు చెయ్యి ఆడలేదు అమ్మీ. అంతే. నేను చేసింది తప్పే. పాపం కూడానేమో."

హేమమాలిని ఏడవలేదు. ఏడుపు రావలసిన చోట పెద్ద సిగ్గు వచ్చి కూర్చుంది. పొద్దుట్నుంచీ ఈయన్ని ఎన్ని మాటలంది! అన్నీ పడి ఊరుకున్నాడు.

"ఆఫీసులో అసలు కాగితం ఏ మూల పడుందో, చెదలు తినేసిందో" అన్నాడు గణేశ్వరరావు మెల్లగా. "నాకు తెలిసి మిగిలింది ఈ కాపీ ఒక్కటే. నీ చేతిలో ఉంది. ఖాడీ నీ కాళ్ల కాడే ఉంది. నేను అటు చూస్తాను."

నిజంగానే మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ క్షణంలో హేమమాలిని ఏమనుకుందో దాచడం దేనికి? వదిలేద్దామనే అనుకుంది. వేళ్లు కొంచెం సడలాయి కూడా. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. బుధవారం ఆపిస్తే నూట అరవై కుటుంబాలు అయిదో వానాకాలం కూడా రేకుల కిందే ఉంటాయి, తిట్టేది తననే. ఆపకపోతే? పొంగు గొట్టానికి బిరడా బిగించి, రాయి సంగతి మొన్ననే బయటపడ్డట్టు కొత్త కాగితం ఒకటి పుట్టిస్తే? తప్పు చిన్నాన్నది, ఆయనే ఒప్పుకుంటానంటున్నాడు. గొట్టం మూసినా కాలువలు వెనక్కి తన్నక మానవని ఆమెలోని ఇంజినీరుకి తెలుసు. అయినా ఆలోచన అటే పోతోంది. నీళ్లు ఆరో మెట్టు మీదికి వచ్చాయి.

చేతిసంచీలో ఫోన్ మోగింది. హేమమాలిని ఉలిక్కిపడి కాగితాన్ని గట్టిగా పట్టుకుంది. గవరమ్మ.

"ఇంజినీరమ్మా..." అవతల గొంతు వణుకుతోంది. "యాడున్నావమ్మా?"

"ఏమైంది అత్తా? షెడ్డులో ఏమైనా..."

"షెడ్డులో లేమమ్మా. కొత్తింటికాడున్నాం. బుధవారం మంచిది కాదంట, పున్నమి మంచిదంట. పొద్దున్నే ఓ పాతిక గడపలోలం వొచ్చీసినాం. జోగులు పంపు ఏసినాడు. నువ్వు సెప్పినట్టే కుళాయొచ్చినాదమ్మా! మా ఇంటికే మొదట వొచ్చినాది."

జోగులు పంపు మనిషి. అడిగితే కాదనలేని మనిషి. ట్యాంకులో ఉన్నదే తోడి ఉంటాడు. శనివారం నాటికి అడుగున రెండంగుళాలు. ఆ తర్వాత ఎన్ని పోట్లు ఎక్కి దిగాయి? హేమమాలిని ఖాడీకి అవతల ఉన్న తెల్ల గోడలకేసి చూసింది. ఒకటో నంబరు ఇంటి ముందు రంగు రంగుల చీరలు కదులుతున్నాయి.

"కుళాయి నీల్లలో పాలపొడి కలిపి పొయ్యిమీద ఎట్టినానమ్మా" అంటోంది గవరమ్మ. "అందరూ సుట్టూ నిలబడ్డారు. పొంగలేదమ్మా. ఇరిగిపోనాయి. గిన్నె కడిగి రెండోపాలి ఎట్టినాను. మల్లీ ఇరిగిపోనాయి. మొగుడు పోనదాని సెయ్యి, ముందే సెప్పినాం అంటన్నారు. ఇల్లన్నిటికీ సెడు తెచ్చీసినావంటన్నారు. నీ సెయ్యే నీకు మంచిదని నువ్వు సెప్పినావని ఎట్టినానమ్మా..."

ఆమె వెక్కుతోంది. వెనకాల బిందెల చప్పుడు, కుళాయి కింద పిల్లల కేరింతలు వినబడుతున్నాయి.

"అత్తా, ఆగు. ఆ నీళ్లు ఎవరైనా తాగుతున్నారా?"

"అందరూ పడతన్నారమ్మా. పిల్లలైతే దోసిల్లతో తాగేస్తన్నారు. కూసింత ఉప్పగున్నాయి, కొత్త గొట్టం గదా, రెండ్రోజుల్లో పోతాదన్నాడు జోగులు. నీల్ల సంగతి కాదమ్మా. నా సంగతి సెప్పు. నా సెయ్యేనా?"

గణేశ్వరరావు ఇటు తిరిగి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. ఖాడీ అయిదో మెట్టుకి వచ్చి, ఆమె చెప్పుల కిందికి చల్లగా పాకింది. కాగితం ఆమె పిడికిట్లో నలిగింది గాని, నీలం సిరా అక్షరాలు రెండూ కనబడుతూనే ఉన్నాయి.

"నీ చెయ్యి కాదు అత్తా" అంది హేమమాలిని. "ముందు ఆ కుళాయి కట్టేయించు. పిల్లల్ని తాగనివ్వకు. అందరికీ వినబడేలా చెప్పు, నీ చెయ్యి కాదని."

అవతల ఏడుపు ఆగింది. బిందెల చప్పుడు ఆగలేదు.

"నాది కాకపోతే," అంది గవరమ్మ, "మరెవరి సెయ్యమ్మా?"